నరహరి సారు తీసేసిన ఒట్టు

పొద్దున్నుంచి మా ఆఫీసు కిటికీ కింద ప్రచారం ఆటో అరుస్తూనే ఉంది. మైకు గరగర, మధ్యలో డప్పు మోత. చిరాకు పడాల్సింది పోయి, నాకు నరహరి సారు గుర్తొచ్చారు. మెదక్ కోర్టులో నాకు పని నేర్పిన వకీలు ఆయన. పాత పద్ధతులు నిలబెడతామనే పార్టీ తరఫున ఒకసారి లోక్‌సభకు పోటీ చేశారు.

ఆయన అభిప్రాయాల్లో సగం నాకు మింగుడు పడేవి కావు. మొదటిరోజు నల్లకోటు వేసుకుని వెళ్తే కళ్లజోడు పైనుంచి చూసి, “ఆడపిల్లలు కోర్టుల సుట్టు తిరుగుడు నాకు నచ్చదు నస్రీనమ్మా. గని వచ్చినవు. వచ్చినోళ్లకు నేర్పకపోతే అది నా తప్పైతది. కూసో” అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయితే ఆ తర్వాత ఏ మగ జూనియర్‌కూ నాకంటే ఎక్కువ నేర్పలేదాయన. రంజాన్ నెలలో నన్ను సాయంత్రాలు ఆపొద్దని గుమస్తాకు తానే చెప్పేవారు. మొండి మనిషే, కానీ లోపలొకటి బయటొకటి ఉండేది కాదు.

పోలింగ్ దగ్గరపడ్డాక ఆయన మేనల్లుడు శ్రీకాంత్ ఒక సాయంత్రం సంబరంగా ఆఫీసుకు వచ్చాడు. కుల్చారం ఊరి ఆడవాళ్లను వ్యాన్లలో ఏడుపాయల గుడికి తీసుకెళ్లి, వనదుర్గమ్మ ముందు పసుపు కుంకుమల మీద చెయ్యి పెట్టించి, ఓటు సారుకే వేస్తామని ఒట్టు వేయించాడట.

“ఇగ గెలిచినట్టే మామా! ఒక్క ఓటు గూడ అటిటు పోదు.”

సారు ముఖం మాడిపోయింది. “ఓటుకు అమ్మవారిని జామీను పెట్టినవా?”

“అందరు జేసేదే గద మామా.”

“రేపు ఎవలన్న మనసు మారి వేరేటోళ్లకు ఏస్తె? ఇంట్ల పిల్లకు జరమొచ్చినా ఒట్టు దప్పినందుకే అని వణుకుతరు.”

నేను ఉండబట్టలేక అన్నాను. “గా ఒట్టుకు చట్టంల విలువ లేదు గద సార్. ఓటు ఎవలకేసిన్రో ఎవలకెర్క?”

“నీకు లేదమ్మా. ఆళ్లకున్నది. నాకున్నది.”

పాతకాలం మనిషని నేను లోలోపల నవ్వుకున్న నమ్మకమే, గెలుపు చేతికందే వేళ ఆయనకు అడ్డం తిరిగింది.

మర్నాడే కుల్చారం వెళ్లాం. ఆ ఆడవాళ్లందరినీ పిలిపించి, సారు ఏడుపాయల వైపు తిరిగి దండం పెట్టారు. “మీతోని ఆ ఒట్టు నా కోసం ఏయించిన్రు. దోషముంటె నా నెత్తినే. మీ ఇష్టమున్నోళ్లకు ఏసుకోండ్రి” అని కొబ్బరికాయ కొట్టారు. శ్రీకాంత్ విసురుగా వెళ్లి వ్యానులో కూర్చున్నాడు. ప్రచారానికి వచ్చినవాళ్లలో ఒక్కరి ముఖంలోనూ కళ లేదు.

సారు ఓడిపోయారు. కుల్చారంలో కూడా వెనకబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, ఆయన మాత్రం మామూలుగా కోర్టుకు వచ్చి వాయిదా కేసులు చూసుకున్నారు. కొన్నాళ్లకు మల్లవ్వ అనే ముసలామె మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు ఏడుపాయలలో ఒట్టు వేసినవాళ్లలో ఆమె కూడా ఉంది.

“నీకు ఎయ్యలే సారూ,” అంది గడపలోనే నిలబడి. “మా ఊరికి బాట ఏస్తనన్నోనికి ఏసిన. నీ ముంగట జెప్పాలె అనిపించింది.”

సారు గట్టిగా నవ్వారు. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించారు. “మంచిగ జేసినవు. ఇంట్ల పిల్లలు మంచిగున్నరా?”

“మంచిగున్నరు. నాకు నిద్ర గూడ మంచిగనే వడుతుంది సారూ.”

ఢిల్లీకి వెళ్లాల్సిన మనిషి ఆ మాట విని ఎంత తృప్తిపడ్డారో నేను కళ్లారా చూశాను. ఇప్పుడాయన లేరు. ఇవాళ నా దగ్గరికి వచ్చేవాళ్లు ఖురాన్ మీదో, కన్నబిడ్డల మీదో ఒట్టు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాను. ఒట్టు వద్దు, జరిగింది చెప్పండి చాలు అంటాను. వాళ్లు చెప్పే నిజంతో నా కేసు ఓడిపోయేలా ఉన్నా, ముందు కుర్చీ వేసి చాయ్ తెప్పిస్తాను.