ఇరవై ఒకటో ధ్వని

ధర్మవరంలో నేతపని చేసే నరసప్ప ఇంట్లో గొంతుకు పెద్దగా పని ఉండేది కాదు. పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా మూడు మగ్గాలు టకటకలాడుతుంటే ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? అందుకని ఆ ఇంట్లో అందరూ మొహాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు. ఇంటావిడ ఆదెమ్మ వంటింటి గడపలో నిలబడి పెదవులు కదిపితే చాలు, మగ్గం గుంతలో కూర్చున్న నరసప్పకు అన్నం ఉడికిందో లేదో, వాకిట్లోకి వచ్చిన చుట్టం ఎవరో తెలిసిపోయేది. ఆ వీధిలో గొంతు చించుకునేది కొత్త కోడళ్ళు మాత్రమే. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళకూ ఈ విద్య పట్టుబడేది.

అలాంటి ఇంట్లో ఒక పిల్లవాడికి చెవుడు వస్తే ఎవరు కనిపెడతారు? నరసప్ప కొడుకు కుళ్ళాయప్పకు ఆరేళ్ళప్పుడు రెండు చెవులూ చీము కారాయి. ఆదెమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోసి దూది పెట్టింది. కారడం తగ్గింది. తగ్గింది కదా అని ఆ మాటే ఎత్తలేదు ఎవరూ. బడిలో వాడు ముందు వరసలో కూర్చుని అయ్యవారి మొహం మీది నుంచి చూపు తిప్పేవాడు కాదు. "చదువంటే ఈ పిల్లోడికి ఉండే భక్తి చూడండ్రా" అని అయ్యవారు మిగతావాళ్ళ చెవులు మెలిపెట్టేవారు. భక్తీ లేదు, పాడూ లేదు. పెదవులు కనపడకపోతే వాడికి పాఠం లేదు. ఆ సంగతి వాడికే తెలియదు. లోకంలో అందరూ ఇలాగే వింటారనుకున్నాడు.

అలా అనుకుంటూనే అనంతపురంలో బి.ఏ. పూర్తిచేసి, 1961లో ఒక పూట రైలు ప్రయాణం దూరంలో ఉన్న యూనివర్సిటీలో తెలుగు ఎం.ఏ.కు చేరాడు. అక్కడ శాసనాలూ భాషాశాస్త్రమూ అని రెండు పేపర్లు ఉండేవి, వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. భాషాశాస్త్రం కొత్త చదువు, ముందు ముందు దానికే ఉద్యోగాలని ఎవరో చెబితే కుళ్ళాయప్ప దాన్ని తీసుకున్నాడు.

చదువు కాదది, చెర. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు, కొన్ని తలకిందులుగా, కొన్ని తోకలతో. పద్యాలు గుక్క తిప్పుకోకుండా చదివే మహానుభావులు అద్దం ముందు నోరు తెరుచుకుని తమ నాలుక ఎక్కడుందో వెతుక్కునేవాళ్ళు. పెనుకొండ నుంచి వచ్చిన వెంకటేశులు కుళ్ళాయప్పతో ఒకే గదిలో ఉండేవాడు. "ఇన్నేండ్లు నోట్లో పెట్టుకోని తిరిగినా ఈ నాలుక సంగతి నాకు తెల్లేదప్పా" అని రోజుకొకసారి వాపోయేవాడు. కుళ్ళాయప్ప మాత్రం పుస్తకాన్ని మథించి వదిలిపెట్టాడు. థియరీలో అందరికంటే ఎక్కువ మార్కులు అతనివే.

రెండో ఏడు ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. ఆ పేపరు చెప్పే రీడరు గారు కుర్చీలో కూర్చుని, హాజరు పట్టీ నోటికి అడ్డం పెట్టుకుని, అర్థం లేని ధ్వనులు ఇరవై పలుకుతారు. విద్యార్థులు విని గుర్తులు రాయాలి. "నోరు చూసి రాసేది భాషాశాస్త్రం కాదు, చెవితో విని రాయండి" అనేవారు ఆయన. మొదటి రోజు హాజరు పట్టీ పైకి లేవగానే కుళ్ళాయప్పకు గదిలో ఎవరో దీపం ఆర్పేసినట్టయింది. మామూలు మాటయితే అరకొరగా తెలిసినా మిగతాది ఊహించుకోవచ్చు. అర్థమే లేని ధ్వనిని ఏమని ఊహిస్తాడు? మార్చి పరీక్షలో యాభైకి రెండున్నర మార్కులు వచ్చాయి. గట్టెక్కాలంటే ఇరవై రావాలి.

"థియరీలో అరవై ఎనిమిది, ఇందులో రెండున్నర. ఇది తెలివితక్కువతనం కాదు, నిర్లక్ష్యం" అన్నారు రీడరు గారు. కుళ్ళాయప్ప తల దించుకున్నాడు. తల దించుకున్నాక ఆయన ఇంకేమన్నారో అతనికి తెలియదు.

ఆ సాయంత్రం హాస్టలు వసారాలో వెంకటేశులు వెనక నుంచి నాలుగుసార్లు పిలిచి, చివరకు పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాడు. "ఏమప్పా, చెవుడా నీకు?" అని నవ్వాడు. కుళ్ళాయప్ప నవ్వలేదు. అతన్ని గదిలోకి లాక్కుపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఏమన్నా మాట్లాడు" అన్నాడు. చాలాసేపు ఎదురుచూశాడు. దూరంగా బండి పోతున్నట్టు ఏదో లీలగా మోత తప్ప మాట లేదు. కళ్ళు తెరిచేసరికి వెంకటేశులు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, కళ్ళలో నీళ్ళతో. ఇరవై రెండేళ్ళు బతికాక కుళ్ళాయప్పకు తన చెవుడు సంగతి ఆ రోజు తెలిసింది.

తెలిసి ఏం లాభం? ఎవరికీ చెప్పకూడదని వెంకటేశులు చేత ఒట్టు వేయించుకున్నాడు. హిందూపురంలో ఒక కాలేజీ వాళ్ళు సెప్టెంబరులో మళ్ళీ రాసి పాసయిన కాగితం చూపిస్తే తెలుగు ట్యూటరుగా తీసుకుంటామన్నారు. చెవిటివాణ్ణి పాఠం చెప్పడానికి ఎవరు పెట్టుకుంటారు? పరీక్ష పాస్ కావాలి, చెవుడు బయటపడకూడదు. రెండూ జరగాలి. ఒకటి జరిగి ఇంకొకటి జరగకపోతే రెండూ పోయినట్టే.

బెంగళూరు నుంచి ఒక చెవుల డాక్టరు గురువారం గురువారం హిందూపురం వచ్చి పోతుంటాడని విని, ఇంట్లో కాలేజీ పని అని చెప్పి వెళ్ళాడు. డాక్టరు రెండు పళ్ళ ఇనుప చువ్వను బల్లకు కొట్టి చెవి పక్కన పెట్టాడు. లైటు వేసి లోపల చూశాడు.

"రెండు చెవుల్లోనూ పొర పూర్తిగా పోయింది. చీము కారేటప్పుడే, ఆరేళ్ళప్పుడే తీసుకొచ్చి ఉంటే మందుతో నయమయ్యేది. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు. చెవికి పెట్టుకునే మిషన్ ఉంది. జేబులో పెట్టె, చెవిలోకి తీగ."

"తీగ అందరికీ కనపడతాదా సార్?"

"కనపడకుండా ఎట్లుంటుంది?"

కుళ్ళాయప్ప దండం పెట్టి లేచి వచ్చేశాడు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఆరేళ్ళప్పుడు, ఆరేళ్ళప్పుడు అని తనలో తాను అనుకుంటూ ధర్మవరం చేరాడు.

మే నెల నుంచి మంగళవారం, శనివారం రైలెక్కి పెనుకొండ పోయేవాడు. వెంకటేశులు గట్టెక్కాడు, అయినా స్నేహితుణ్ణి వదల్లేదు. కోట కొండ ఎక్కే మెట్ల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. వెంకటేశులు నోటికి నోటుపుస్తకం అడ్డం పెట్టుకుని ధ్వనులు పలికేవాడు. కుళ్ళాయప్ప అతని గొంతు మీది ముడి ఎటు కదులుతోంది, దవడ ఎంత దిగుతోంది, ముక్కుపుటాలు అదిరాయా లేదా అని చూసి రాసేవాడు. మేకలు తోలుకుపోయేవాళ్ళు ఆగి చూసి, చదువు ముదిరి ఇద్దరికీ మతి చెడిందని తీర్మానించుకుని పోయేవాళ్ళు. మొదట్లో ఇరవైకి రెండు సరిపోయేవి. జులైకి అయిదు, ఆగస్టు చివరికి ఒకసారి ఎనిమిది. ఒక్కో ధ్వనికి రెండున్నర మార్కులు. ఎనిమిది సరిపోతే ఇరవై వచ్చినట్టే. ఆ రోజు ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు. ఎంత ఆశ!

ఆ వేసవిలోనే ఇంకొకటి జరిగింది. పక్క వీధిలో ఉండే అక్క కూతురు గౌరికి నాలుగేళ్ళు. ఆ పిల్లకు చెవులు చీము కారుతుంటే ఆదెమ్మ వెల్లుల్లి నూనె కాచి పోసింది. కుళ్ళాయప్ప చూశాడు. ఒకరోజు ఆ పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. పిల్ల తిరగలేదు. ముందుకు వచ్చి నవ్వితే, అతని పెదవుల వైపే చూస్తూ నవ్వింది. డాక్టరు చెప్పిన ప్రతి మాటా గుర్తుంది. చెప్పాలి. చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. అడిగితే తన గుట్టు బయటపడుతుంది. సెప్టెంబరు కానీ, పరీక్ష కానీ, అప్పుడు చెబుతానని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. పసిపిల్ల చెవులకు సెప్టెంబరు దాకా గడువు పెట్టడానికి అతనెవరు? కానీ పెట్టాడు. భయం మనిషి చేత అలాంటి పనులు చేయిస్తుంది.

సెప్టెంబరు పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు జలుబు. మెడ చుట్టూ గడ్డం దాకా మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. కుళ్ళాయప్ప ఆ మఫ్లరు వెనక గొంతు ముడి కోసం వెతికాడు. అయిదు నెలల కష్టమంతా ఆ గొంతు మీదే పెట్టుకుని వచ్చాడు. హాజరు పట్టీ లేచింది. ఇక ఆయన కళ్ళూ కనుబొమలూ తప్ప ఏమీ కనపడలేదు. కనుబొమలు కదిలినప్పుడల్లా ఒక ధ్వని అయిందనుకుని, చేతికి వచ్చిన గుర్తు రాసుకుంటూ పోయాడు. చెమట కాగితం మీద పడి సిరా అలుక్కుంది. దేవుడా ఒక్క ఎనిమిది, ఒక్క ఎనిమిది అనుకున్నాడు. కనుబొమలు ఆగి, మళ్ళీ కదిలాయి. ఈసారి కాస్త ఎక్కువసేపు కదిలాయి. అదీ రాశాడు.

అప్పుడు పెద్దాయన హాజరు పట్టీ దించి, చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. చూశాడు. పక్కనున్న రీడరు గారికి చూపించాడు. తర్వాత కుళ్ళాయప్ప వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"నేను ఇచ్చినవి ఇరవై ధ్వనులు బాబూ. నువ్వు ఇరవై ఒకటి రాశావు."

కుళ్ళాయప్పకు అర్థం కాలేదు.

"ఇరవై అయ్యాక నేను నిన్నొక మాట అడిగాను. నీకు వినపడుతోందా నాయనా అని అడిగాను. నువ్వు దాన్ని కూడా రాసుకున్నావు."

ఆ గదిలో నేల బద్దలై తనను మింగేస్తే బాగుండునని కుళ్ళాయప్ప నిజంగా కోరుకున్నాడు. రీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందే ఒక్క మాట చెప్పి ఉంటే శాసనాల పేపరుకు మార్చేవాణ్ణి కదయ్యా. మార్చిలో నేను తిడుతుంటే కూడా నోరు విప్పలేదే. ఇప్పుడు గడువు దాటింది, నేనేం చెయ్యను?" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే కుళ్ళాయప్ప ఇల్లు చేరాడు. మగ్గం గుంతలో నుంచి నరసప్ప తలెత్తి, పెదవులు మాత్రం కదిపాడు.

"ఏమాయ?"

"పాయ నాయనా" అని కుళ్ళాయప్ప కూడా పెదవులే కదిపాడు.

నరసప్ప తన మగ్గం ఆపి, మిగతా రెండింటినీ ఆపించాడు. కుళ్ళాయప్ప గుంత అంచున కూలబడి, ఆరు నెలలుగా ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్న మాట చెప్పాడు. "నాకు చెవులు ఇనపడవు నాయనా."

నరసప్ప తల తిప్పుకోబోయి, తిప్పుకుంటే కొడుక్కి వినపడదని గుర్తొచ్చి, తిప్పుకోలేదు. "తెలుసురా. నీ ఏడో ఏటనే తెలుసు. ఎనక నిలబడి పిలిస్తే పలకవు. అయ్యోరికి సంగతి చెప్పకుండానే నిన్ను నేనే ముందర కూచోబెట్టిస్తి. ఎవురికన్నా చెప్తే చెవిటోడని పేరు పడ్తాదని, నోరు మూసుకోని ఉంటి. కప్పెట్టితే పోతాదనుకుంటి."

కుళ్ళాయప్ప ఒళ్ళు మండిపోయింది. అప్పుడు తీసుకుపోయి ఉంటే మందుతో నయమయ్యేదంట, నా బతుకు బుగ్గి చేస్తివి కదా అని అరవడానికి లేచాడు. లేచేసరికి వాకిట్లో గౌరి కనపడింది. రెండు చెవుల్లోనూ దూది, మెడ దాకా కారిన నూనె, అతని మొహం వైపు కళ్ళప్పగించి చూస్తోంది. నాయన చేసిన పనే తనూ అయిదు నెలలుగా చేస్తున్నాడు.

పోయి పిల్లను ఎత్తుకున్నాడు.

"ఇప్పుడే కదరా వస్తివి, మళ్ళా యాడికి పోతాండావు?" అంది ఆదెమ్మ.

"హిందూపురానికి. ఈ దినం గురువారం. ఈడ నూనె పోసింది చాలు. చెవుల డాక్టరు వస్తాడు ఆడ."

అక్క పరిగెత్తుకొచ్చి పిల్లను లాక్కోబోయింది. "నలుగురికి తెలిస్తే ఆడపిల్ల గతి ఏం కావాల్రా? నూనెకే తగ్గిపోతాదంటాండాది అమ్మ."

"నాకు కూడా తగ్గిపాయ అక్కా" అన్నాడు కుళ్ళాయప్ప. మూడు మగ్గాలూ ఆగిపోయిన ఇంట్లో, పక్కిళ్ళకు కూడా వినపడేంత గట్టిగా అరిచాడు. "చూడు నన్ను. నేను చెవిటోణ్ణి."

అక్క చేతులు వదిలేసింది.

హిందూపురంలో రైలు దిగి, ట్యూటరు ఉద్యోగం ఇస్తామన్న కాలేజీ గేటు ముందు నుంచే నడిచిపోవాలి. అక్కడికి వచ్చేసరికి పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని, అటు చూడకుండా పోయాడు. డాక్టరు గది ముందు చాలామంది ఉన్నారు. వాళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు దూది తీసి, లైటు వేసి పిల్ల చెవుల్లోకి చూశాడు. తర్వాత బల్ల మీదికి తల వంచుకుని కాగితం మీద రాస్తూ ఏదో అన్నాడు. అతని దవడ కదలడం ఒక్కటే కనపడింది. గౌరి మామ మొహం వైపు చూసింది. కుళ్ళాయప్ప బల్ల మీద వేళ్ళతో తట్టాడు.

"సార్, తలకాయెత్తి చెప్పండి. మా ఇద్దరికీ ఇనపడదు."