నిమ్మచెట్టుకు పోసిన నీళ్ళు

మస్కట్‌లో బడివారం మొదలయ్యేది ఆదివారం; ఆ పొద్దున సింధూజ రాత్రి వేసుకున్న పైజామాతోనే బడికి బయల్దేరింది. రామలక్ష్మి ఇస్త్రీ చేసిన యూనిఫాం చేతబట్టుకుని "పాపా, బట్టలు మార్చుకోకుండా పోతివే!" అని అరుస్తూ స్కూలు బస్సు దాకా పరుగెత్తింది. తీరా చూస్తే బస్సులో అందరివీ నైట్ డ్రెస్సులే. ఒకడు దిండు కూడా తెచ్చుకున్నాడు. రామలక్ష్మిని చూసి బస్సు బస్సంతా నవ్వింది.

"ఆంటీ, ఈ వారం మాకు స్పిరిట్ వీక్. రోజుకో వేషం. గురువారం హోమ్‌కమింగ్, పాత స్టూడెంట్సంతా వస్తారు. నువ్వు కంగారుపడకు," అంది సింధూజ.

సోమవారం ఇద్దరు పిల్లలు ఒకేలా ముస్తాబై కవలలమన్నారు. మంగళవారం ముసలమ్మ వేషానికి రామలక్ష్మి నేతచీరే కావాల్సివచ్చింది. ఇంతింత ఫీజులు కట్టించుకుని పిల్లలచేత పగటివేషాలు వేయించే బడి మస్కట్‌లోనే ఉంటుందని రామలక్ష్మి అనుకుంది. అనుకుని, ఇక ఏదీ అడగకూడదని కూడా నిర్ణయించుకుంది. అసలు చిక్కంతా ఆ నిర్ణయంతోనే వచ్చింది.

రామలక్ష్మిది రాయచోటి పక్క పల్లె. బోరు మీద బోరు వేసి, పడని నీళ్ళ కోసం ఉన్న పొలం పోగొట్టుకున్న ఇల్లు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషికి నీళ్ళు పారబోయాలంటే చెయ్యి రాదు. మస్కట్‌లో ఈ ఇంటికి వంటకీ పనికీ కుదిరినా ఆ బుద్ధి మారలేదు. వాషింగ్ మెషీన్ ఉండగా బకెట్లో ఉతుకుతుంది. జాడించిన నీళ్ళు మోసుకెళ్ళి పెరట్లో నిమ్మచెట్టుకు పోస్తుంది. "ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, నీకెందుకీ చాకిరీ?" అని మేడమ్, అంటే సింధూజ తల్లి, విసుక్కునేది. తను వచ్చేనాటికి ఎండుపుల్లలా ఉన్న ఆ చెట్టు ఇప్పుడు కాయలు కాస్తోందంటే ఆ చాకిరీ చలవే.

బుధవారం సాయంత్రం సింధూజ ఇంటికొచ్చి, స్నానం చేసి, ట్యూషన్‌కి పరుగెత్తింది. బాత్రూమ్‌లో పసుపురంగు జెర్సీ ఒకటి పడేసి పోయింది. ఏళ్ళ తరబడి చెమట తాగిన బట్ట అది. కంపు! దాని నిండా స్కెచ్ పెన్నులతో పిచ్చిగీతలు. పాపం, రేపటికి శుభ్రంగా ఉండాలి కదా అని రామలక్ష్మి సబ్బు పెట్టి నానబెట్టింది, బ్రష్షు పెట్టి రుద్దింది. నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు నీళ్ళలోకి దిగాయి. ఎప్పటిలాగే ఆ బకెట్టు మోసుకెళ్ళి నిమ్మచెట్టుకు పోసింది. మెరిసిపోతున్న జెర్సీని తీగమీద ఆరేసి, తనలో తాను మురిసిపోయింది కూడా.

ట్యూషన్ నుంచి వచ్చిన సింధూజ పెరట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ జెర్సీ బడిలోని ఎల్లో హౌస్ జట్టుది. ప్రతి ఏడూ హౌస్ కెప్టెన్, ఆటగాళ్ళు బడి వదిలే ముందు దాని మీద పేరు రాసిపోతారు. కొత్త కెప్టెన్, ఈ ఏడు సింధూజ, హోమ్‌కమింగ్ నాడు దాన్ని తొడుక్కుని ఊరేగింపు ముందు నడవాలి. దాన్ని ఉతకకూడదు. అదే దాని నియమం.

"అందరూ రేపు వస్తారు, మళ్ళీ రాస్తారు. మరి జహీర్ అన్న?" అంది సింధూజ.

జహీరుద్దీన్ రెండేళ్ళ కిందటి కెప్టెన్. ఆ ఎండాకాలంలోనే సూర్ నుంచి కారులో తిరిగొస్తుంటే, వాది అనే ఎండువాగులోకి ఒక్కసారిగా వాన నీళ్ళు వచ్చిపడ్డాయి. కారుతో సహా కొట్టుకుపోయాడు. అతని తల్లి ఇక్బాలున్నీసా కిందటేడు హోమ్‌కమింగ్‌కి మత్రా నుంచి వచ్చి, జెర్సీ మీద కొడుకు పేరు తడుముకుని వెళ్ళింది. రేపూ వస్తుంది.

"నేను చెప్తా పాపా, నేనే చేసినానని," అంది రామలక్ష్మి.

"నువ్వేం చెప్పక్కర్లేదు," అంది మేడమ్ కటువుగా. ఆవిడ దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. సింధూజ ఫోనులో జెర్సీ ఫోటో ఉంది. దాన్ని చూసి జహీర్ సంతకం దించెయ్యడమే. "కన్నతల్లిని ఏడిపించడం కంటే అదే నయం. ఈ మాట బయటికి పొక్కిందో, నీ వీసా సంగతి నాకు తెలీదు."

గురువారం మైదానమంతా డప్పులు, జెండాలు, కేకలు. ఊరేగింపుకు ముందే పాత స్టూడెంట్లు గుట్టుగా మళ్ళీ పేర్లు రాసేశారు. మధ్యలో సింధూజ దించిన సంతకం అచ్చం అసలులాగే కుదిరింది. మేడమ్ పెట్టిన తిండి స్టాల్లో రామలక్ష్మి పులిహోర పెడుతోందే గానీ, తేలు కుట్టిన దొంగలా ఆమె చూపంతా గేటు మీదే ఉంది.

బురఖాలాంటి నల్లటి అబాయాలో సన్నటి మనిషి నేరుగా స్టాల్ దగ్గరికే వచ్చింది. "పులిహోర వాసన చూస్తానే అనుకున్యా, మన సీమోళ్ళదే అని. మాది ప్రొద్దుటూరు. నీదే ఊరు?"

"రాయచోటి పక్కన, అమ్మా."

"అట్లనా! జహీరుకు ఇదంటే ప్రాణం," అంది ఇక్బాలున్నీసా. నిలబడే ప్లేటంతా తిన్నది. వేరెవరైనా అయితే రామలక్ష్మి నోరు కట్టేసుకునేదేమో. ఈమె తన చేతి ముద్ద తిన్న మనిషి, తన యాసలో మాట్లాడుతున్న మనిషి.

ఊరేగింపు అయింది. సింధూజ జెర్సీ విప్పి రెండు చేతులా అందించింది. ఇక్బాలున్నీసా వేలు ఒక్కో పేరు మీదుగా జరిగి, ఆగింది.

"ఈసారి తేటగా కనపడతాంది," అంది ఆమె నవ్వుతూ.

గండం గడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళ భుజాలు తేలికపడ్డాయి. మేడమ్ రామలక్ష్మి వైపు చూసి కళ్ళతోనే హెచ్చరించింది. అప్పుడు ఇక్బాలున్నీసా ఆ సంతకాన్ని కళ్ళకద్దుకుని ముద్దు పెట్టుకుంది.

రామలక్ష్మి ఇక తట్టుకోలేకపోయింది. గరిటె వదిలేసి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, అది మీ పిల్లోడు రాసింది కాదు. వాని పేరు నేను ఉతికేసినా. తెలీక ఉతికేసినా. ఇది మా పాప రాసింది."

డప్పులు ఎక్కడో మోగుతూనే ఉన్నాయి. ఇక్బాలున్నీసా జెర్సీ వైపు చూసింది, తల వంచుకున్న సింధూజ వైపు చూసింది. తిడుతుందేమో, కొడుతుందేమోనని రామలక్ష్మి కాచుకుంది. కొట్టినా బాగుండుననిపించింది.

"ముందు వాణ్ణి నీళ్ళు తీసకపాయె. ఇప్పుడు పేరును గూడా నీళ్ళే తీసకపాయె," అంది ఆమె. తర్వాత ఎవరూ అడగని మాట అడిగింది. "ఆ నీళ్ళు యాడ పోసినావు?"

"పెరట్లో నిమ్మచెట్టుకు పోసినానమ్మా. నేను నీళ్ళు పారబొయ్యను."

ఆమె జెర్సీని సింధూజ చేతుల్లో పెట్టి, వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చే దారిలోనే ఉద్యోగం పోయినట్టేనని రామలక్ష్మికి అర్థమైంది. శుక్రవారం పొద్దున పెట్టె దించి చీరలు సర్దుకుంటుంటే గేటు గంట మోగింది. తలుపు తీసిన మేడమ్ పక్కకు తప్పుకుంది.

ఇక్బాలున్నీసా సరాసరి పెరట్లోకి నడిచింది. నిమ్మచెట్టు మొదట్లో కూర్చుని, అరచెయ్యి తడిమట్టి మీద ఆనించి, అప్పుడు ఏడ్చింది. రామలక్ష్మి పక్కనే నేలమీద కూర్చుంది. అడక్కుండానే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇక్బాలున్నీసా సగం తాగి, మిగతా సగం చెట్టుకు పోసింది.

కొమ్మలకు ఆకుపచ్చటి పిందెలున్నాయి. లేచేటప్పుడు వాటిని చూసింది.

"ఇవి పండినాక రెండు నాకు తెచ్చియ్యి. నువ్వే తేవల్ల. ఇంగెవురి చేతా పంపొద్దు."

రామలక్ష్మి తలుపు దగ్గర నిలబడ్డ మేడమ్ వైపు చూసింది. మేడమ్ లోపలి గదిలో తెరిచి ఉన్న పెట్టె వైపు చూసింది.

"రామలక్ష్మే తెస్తుందిలెండి," అంది.