రెండుగా చీలిన ముల్లు

నా చిన్నప్పుడు ఎర్రమంజిల్ క్వార్టర్సులో, మా పెదనాన్న ఇంట్లో ఉండి చదువుకున్నాను. ఆయనది కాకినాడ వైపు. ఏరు సముద్రంలో కలిసే చోట దొరికే పండుగప్ప చేపను ఈ ఊళ్లో గుర్తుపట్టగలవాడు తానొక్కడేనని ఆయన నమ్మకం. ఆనవాళ్లు నాచేత వల్లె వేయించాడు: నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోవాలి, నుదుటి గీత లోపలికి వంగాలి, తోక అంచు గుండ్రంగా ఉండాలి.

ఒకసారి వంటమనిషి కావలసివచ్చి, పంజాగుట్ట నుంచి ఒక అక్క వచ్చింది. భర్త మంచం పట్టాడని, ఈ పని దొరక్కపోతే కూతురిని అన్న ఇంటికి పంపేయాలని మా పెద్దమ్మతో చెప్పుకుంది. పెదనాన్న ఆమెకు పరీక్ష పెట్టాడు. అమీర్‌పేట మార్కెట్లో చెరువు బొచ్చె చేప కొని, తల, తోక, తోలు తీయించి, పండుగప్ప అని చెప్పి ఆమె చేతికిచ్చాడు. తలను, తోకను తడిగుడ్డలో చుట్టి దాచాడు. ఆ సంగతి నాకు మాత్రమే చెప్పాడు.

మధ్యాహ్నం ఆఫీసు మిత్రులు ముగ్గురి ముందు, చేప ఎలా కుదిరిందో ఆమెనే చెప్పమన్నాడు.

"మస్తుగున్నది సార్. పండుగప్ప రుచే వేరు."

పెదనాన్న నాకు సైగ చేశాడు. నేను తలను, తోకను పళ్లెంలో తెచ్చిపెట్టి, ఏ ఆనవాలు ఎందుకు సరిపోదో వేలితో చూపించాను. ఒక్కటీ తప్పలేదు. మిత్రులు నవ్వి నా వీపు తట్టారు.

"ఏంటి, కట్టెముక్క వండమన్నా పండుగప్పే అంటావా?" అని, ఆమెను పంపేయమని పెద్దమ్మతో అన్నాడు పెదనాన్న.

ఆమె గిన్నెలన్నీ కడిగింది. పోయే ముందు, నా కంచంలోంచి తీసి ఉంచిన ముల్లు ఒకటి నా అరచేతిలో పెట్టింది. కొస రెండుగా చీలి ఉంది.

"కోస్తుంటేనే తెల్సింది బిడ్డా. గీ ముల్లే బొచ్చెను పట్టిస్తది. పెద్దసారు పండుగప్ప అన్నంక, నలుగురిల కాదని ఎట్లంట?"

పండుగప్ప కండలో అటువంటి ముల్లు ఉండదు. పెదనాన్న నేర్పిన ఆనవాళ్లలో అది లేదు. బహుశా ఆయనకే తెలియదు. ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. వెళ్లి ఆ ముల్లు చూపితే ఆమెను వెనక్కి పిలిచేవాడేమో. కానీ అప్పుడే అందిన మెప్పు చేజారిపోతుందని నేను కదలలేదు. ఆమె గేటు దాటింది.

ఇప్పటికీ చీలిన ముల్లు పంటికి తగిలితే కంచం అంచున వేరుగా పెడతాను. అదేమిటని మనవరాలు అడిగితే, ఏ చేపదో చెబుతాను. మిగతాది ఇంతవరకు చెప్పలేదు.