పదమూడో ఇటరేషన్ ఎప్పుడు ముగిసింది?

శశికళ పుట్టింది మిట్టేమరిలో, వేరుశనగ పండించే ఇంట్లో. పెళ్ళై దిబ్బూరహళ్ళికి వచ్చాకే పట్టుపురుగును చూసింది. అదైనా ఎక్కువగా రిజిస్టరులోనే. ఊళ్ళోని చాకీ కేంద్రంలో ఆరేళ్ళు లెక్క రాసింది. గుడ్డు పగిలినప్పటి నుంచి రెండో జ్వరం దాకా పురుగులను సాకి రైతులకిచ్చే చోటది. పురుగు తిండి మాని, కదలకుండా పడుండి, పాత తోలు విడిచే రోజును అక్కడ జ్వరమంటారు. ఒక్కో విడతకు ఒక్కో పుట. పురుగు జ్వరం నుంచి లేచిందని లోపలి నుంచి కబురొస్తేనే ఆమె ముగింపు తేదీ రాసేది. చలికి ఒక రోజు ఆలస్యమైతే తేదీ కూడా ఒక రోజు ఆగేది. ఆమె రాసిన తేదీని ఏ రైతూ తప్పుపట్టలేదు.

కేంద్రం మూతపడ్డాక చిక్కబళ్ళాపురంలో ఒక దాణా కంపెనీ ఆఫీసులో చేరింది. కంప్యూటరు ఎవరూ నేర్పలేదు, తప్పులు చేస్తూ తనే నేర్చుకుంది. ఆ కంపెనీలో నలభై మూడు సాఫ్ట్‌వేర్లున్నాయి. తూకానికొకటి, లారీలకొకటి, జీతాలకొకటి. ఏది దేని మీద ఆధారపడిందో, ఏది ఎప్పుడొస్తుందో, ఏది ఎప్పుడు పోతుందో చూపించడానికి వీటన్నిటి పైన ఇంకొకటి. దాన్ని ఆర్కిటెక్చర్ అంటారు. మార్పుల పని రెండేసి వారాల విడతలుగా సాగుతుంది. ఆ విడత పేరు ఇటరేషన్. ప్రతి ఇటరేషన్‌కూ మొదలు, ముగింపు, అందులో ఏ సాఫ్ట్‌వేరులో ఏం మారిందో ఎక్కించడం శశికళ పని. ఆరు నెలలు చూసి, నచ్చితే ఖాయం చేస్తామన్నారు.

ఆ ఆరు నెలలు నిండే వారంలో, మంగళవారం నాడు, బెంగళూరు ఆఫీసు నుంచి అంబరీష్ ఫోన్ చేశాడు. బాగేపల్లి వాడు, ఆమెకు పై అధికారి.

“శశికళమ్మా, పదమూడో ఇటరేషన్ ఈ శుక్రవారం ముగుస్తాది. నీ దాంట్లో నిన్ననే మొదలైనట్ల ఉండాది. ఏం కత?”

“ఏడోది శుక్రవారానికి కాలేదు సార్, బుధవారం అయింది. అందుకే బుధవారం వేసినా. తొమ్మిదోది ఇంకా కొంచెం జరిగింది.”

“ముగింపు తేదీ జరిపేది కాదమ్మా అది! పని అయినా కాకున్నా తేదీ ముగుస్తాది.”

“పని కాకుండా తేదీ ఎట్ల ముగుస్తాది సార్?”

“ఏడు గంటల బస్సు ఏడుకి పోదా? నువ్వు రాలేదని నిలుస్తాదా?”

“మా చింతామణి బస్సు జనం నిండితేనే కదులుతాది సార్.”

ఆమె నవ్వులాటకు అనలేదు. అవతల ఎవరో నవ్వారు.

“పదమూడోది ముగిసిన పొద్దు చింతామణి గోదాములో పాత తూకం సాఫ్ట్‌వేరు ఆపేసి కొత్తది పెట్టల్ల. కొందరు ఈ శుక్రవారం అంటాండారు, నీది చూసినోళ్ళు వచ్చే శుక్రవారం అంటాండారు. శుక్రవారం మీటింగుకు ముందే సరిచెయ్యి. నిన్ను ఖాయం చేసే మాట కూడా ఆ పొద్దే తీస్తారు.”

తేదీలను వెనక్కి జరపడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాతే చిక్కు మొదలైంది. ఏడో విడత పని బుధవారం ముగిసింది. ఇప్పుడా బుధవారం ఎనిమిదో విడతలో ఉంది. పనిని ఏడులో ఉంచి ‘అయింది’ అంటే అబద్ధం. ఎనిమిదిలో వేస్తే ఏడులో వాళ్ళు ఊరకే కూర్చున్నట్టుంటుంది.

తూకం సాఫ్ట్‌వేరు చేసే దేవరాజ్ పక్క మేజా దగ్గరే ఉంటాడు. అతన్ని అడిగింది.

“యాడైనా పెట్టుక్కా, ఎవురు చూస్తారు?”

“చూసేదానికే కదప్పా పెట్టేది?”

“అయితే ఏడుకే పెట్టు. మొదలుపెట్టింది ఏడులోనే.” భోజనం చేసొచ్చి మాట మార్చాడు. “వద్దక్కా, ఎనిమిదికి పెట్టు. ఏడులో పెడితే నా తల తింటారు.”

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త అక్కయమ్మ పురుగుల తట్టల దగ్గరుంది. మూడో జ్వరం. ముక్కాలు మువ్వీసం లేచాయి, కొన్ని ఇంకా కదలడంలేదు.

“అన్నీ లేచేదాకా ఆకు వెయ్యకూడదు కదత్తా?”

“ఎవురు చెప్పిరే నీకు? లేవనివాటిని ఏరి ఇంకో తట్టలో ఎయ్యల్ల. వాటికోసరం లేచినోటిని ఆకలికి చంపుతామా?”

“చాకీ కేంద్రంలో కూడా అట్లే చేసినారా?”

“ఇంకెట్ల చేస్తారు? ఆరేళ్ళు యాడ కూర్చోనుంటివే నువ్వు?”

శశికళ కూర్చుంది మేజా ముందు, రిజిస్టరుతో; తట్టల దగ్గరికి పోలేదు. అన్నీ ఒకేసారి లేచినట్టు తను రాసిన పుటలన్నీ మరి ఏమిటి? రైతులు తప్పుపట్టకపోవడం నిజం రాసినందుకా, ఎవరూ చదవనందుకా?

మర్నాడు తేదీలన్నీ క్యాలెండరు ప్రకారమే ఉంచింది. పని మొదలైన విడతలో ‘శుక్రవారానికి కాలేదు’ అని, తర్వాతి విడతలో ‘ఏడు నుంచి వచ్చింది, బుధవారం అయింది’ అని రాసింది. ఒక్కో పనికి ఇలాగే రాసుకుంటూ పోతే, చింతామణి కొత్త తూకం సాఫ్ట్‌వేరు పని తొమ్మిది నుంచి పదికి, పది నుంచి పదకొండుకు, అలా పదమూడు దాకా జరుగుతూనే ఉందని తేలింది. సాగదీసిన తేదీల కింద అది ఇన్నాళ్ళూ ఆమెకే కనబడలేదు.

అంబరీష్ మళ్ళీ ఫోన్ చేశాడు. “ఏమ్మా, ‘కాలేదు’ ‘కాలేదు’ అని అంతా ఎర్రగా ఉండాది! పెద్దోళ్ళు చూస్తే ఏమంటారు? తూకానిది అయినట్ల వేసేయరాదా?”

“తేదీ జరపొద్దంటిరి, జరపలేదు. పని అయినప్పుడు అయిందని వేస్తా సార్.”

“సరే,” అని అతను ఫోన్ పెట్టేశాడు. కోపమొచ్చిందో ఒప్పుకున్నాడో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం మీటింగుకు పిలిచారు. ఆమె రాసింది గోడ మీద పెద్దదిగా కనబడుతోంది. అందరూ చింతామణి గురించే అరుచుకున్నారు. కొత్తది కాలేదు గనక పాత తూకం సాఫ్ట్‌వేరును ఇప్పుడు ఆపకూడదని తేల్చారు. ఆమెను ఎవరూ ఒక్క మాటా అడగలేదు. సాయంత్రం ఒక కాగితం ఇచ్చారు: ఇంకో పదమూడు వారాలు చూస్తాం.

“ఇది మంచిదా, చెడ్డదా?” అని దేవరాజ్‌కు చూపించింది.

అతను రెండుసార్లు చదివాడు. “తీసెయ్యలేదు కదక్కా.”

“ఖాయమూ చెయ్యలేదు.”

“అవును, అదీ నిజమే,” అన్నాడు అతను.

ఇంటికి పోతూ బస్సులో వేళ్ళ మీద లెక్కేసింది. పదమూడు వారాలంటే ఆరు విడతలు, పైన సగం. పంతొమ్మిదో విడత పూర్తయి, ఇరవయ్యోది సగంలో ఉండగా తన తేదీ ముగుస్తుంది. ఆ ఇరవయ్యోదానికి ముగింపు ఎవరు రాస్తారో కాగితంలో లేదు. మళ్ళీ తీసి చూసింది. వెనక పక్క కూడా లేదు.