లేని పాటకు శ్రుతి తప్పింది

స్పీకర్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో పాముచెవులాయన అంటారు. ఆ బిరుదు ముందు తనకు తానే ఇచ్చుకుని, తర్వాత నలుగురి నోటా పెట్టాడు. ఈమధ్య మాత్రం ఆయన విని, సరేనని పంపిన స్పీకర్లు గరగరమంటూ తిరిగొస్తున్నాయి. వంటింట్లోంచి భార్య ఎన్ని కేకలేసినా ఒక్కటీ ఆయన దాకా రాదు.

"విని చూసే బల్ల దగ్గర మా తమ్ముణ్ణి కూర్చోనివ్వండి," అందావిడ.

ఆ బల్ల దిగడమంటే ఆయనకు కిరీటం దించడమే. "నా చెవులకేం? కాలేజీలో ఏదో వినికిడి పరిశోధనట, మామూలు జనం కావాలట. అక్కడే తేల్చుకుందాం. తేడా ఉందంటే బల్ల మీ తమ్ముడిదే."

ఇద్దరూ వెళ్లారు. చిన్న గది, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతికో మీట. "హోరు వస్తుంది. అందులో సన్నగా పాట ఉండొచ్చు. వినిపించినప్పుడల్లా నొక్కండి," అంది పరిశోధన చేసే అమ్మాయి. ఆయన ఆ మీటను ఊపిరి తీసుకోనివ్వలేదు. బయటికొచ్చి తీర్పు కూడా చెప్పాడు. "పాడినామె కొత్తనుకుంటా. రెండో చరణంలో శ్రుతి జారింది. తబలా అతనికి తొందరెక్కువ."

అమ్మాయి గొంతు సవరించుకుంది. "అందులో పాట లేదండీ, ఉత్త హోరే. లేనిది ఎవరికెంత వినిపిస్తుందో కొలుస్తున్నాం. జబ్బేం కాదు, అందరిలో కొద్దో గొప్పో ఉంటుంది. మీకు కాస్త ఎక్కువ."

"నాకేం వినపడలేదమ్మా," అంది భార్య. "ఊరికే కూర్చుంటే బాగోదని రెండుసార్లు నొక్కాను."

దారిలో ఆవిడ ఊరుకోలేదు. "లేని పాట తబలాతో సహా వినిపించింది. ఉన్న పెళ్లాం గొంతు చించుకుంటే వినపడదు."

"నువ్వు తాళంలో పిలిస్తే కదా," అన్నాడాయన. "అయినా వాళ్లు కొలిచింది చెవుల్ని కాదు. బల్ల నాదే."

మర్నాడు తిరిగొచ్చిన స్పీకరొకటి విప్పి బిగించి, బామ్మర్దిని తీగలు తగిలించమన్నాడు. కళ్లు మూసుకుని తలాడించాడు. "గంట కొట్టినట్టుంది. ఏమంటావోయ్?"

"ఇంకా స్విచ్ వెయ్యలేదు బావా."

ఆయన లేచాడు. బల్ల దగ్గరి తన ముక్కాలిపీట బామ్మర్ది వైపు జరిపి, వెళ్లి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

కిరీటం పోయినా కథ మిగిలింది. వచ్చినవాళ్లందరికీ హోరులో పాట గురించి చెప్పి, ఆ రెండో చరణం పాడి మరీ వినిపిస్తున్నాడు. అది లేని పాటని చెప్పడం మాత్రం మర్చిపోతుంటాడు. మొన్న ఒకాయన సాంతం విని, తల పంకించి, "ఇది నేనూ విన్నానండీ," అన్నాడు. "మీరన్నట్టు తబలాయే చెడగొట్టింది."