గొంతు పెద్దదైనందుకు ఇంగ్లీషు రాదన్నారు

2016 జూన్: నా విద్యార్థి నూకరాజు విశాఖపట్నంలో రాసిన కంప్యూటర్ ఇంగ్లీషు పరీక్షలో, మాట్లాడే విభాగానికి అట్టడుగు మార్కు వేశారు. నోరు విప్పకుండా కూర్చున్నవాడికి కూడా అంతే వేస్తారు.

2016 ఆగస్టు: రెండోసారి పరీక్ష రాస్తూ ఉండగా సగంలో లేపి బయటికి పంపారు. కారణం అడిగితే "ఇతరులకు అంతరాయం" అని రెండు మాటలు రాసి ఇచ్చారు.

2016 సెప్టెంబరు: అతని రికార్డింగును మనిషి చేత వినిపించమని నేను రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. నా ఉత్తరాన్ని ఎవరైనా చదివిన ఆనవాలు అందులో లేదు.

2016 నవంబరు: అక్టోబరు చివర రాసిన మూడో పరీక్షలో బాగా మాట్లాడాడు. బాగా మాట్లాడాడనే అనుమానంతో ఫలితం నిలిపివేశారు.

2017 జనవరి: ఉద్యోగం చేజారిన తరవాత ఫలితం విడుదల చేశారు. ఎందుకు ఆపారో, ఎందుకు వదిలారో ఈనాటివరకూ కాగితం మీద చెప్పలేదు.

ఈ అయిదింటికీ కాగితాలు నా దగ్గర ఉన్నాయి. పరీక్ష నిర్వహించిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వారికి తెలుసు.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పదవీ విరమణ చేశాక, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి కొంచెం అవతల ఒక మేడ మీది గదిలో ఇంగ్లీషు పరీక్షలకు శిక్షణ ఇస్తున్నాను. నర్సులు, ఫిట్టర్లు, వెల్డర్లు వస్తారు. వీరికి కావలసింది స్కిల్డ్ వర్కర్ వీసా, అంటే ఫలానా పని చేతనైనవాడిని మరో దేశం పిలిచి ఇచ్చే అనుమతి. దానికి పనితనం రుజువు చేసుకోవాలి, పిలిచే యజమాని ఉండాలి, ఇంగ్లీషు వచ్చని పరీక్షలో తేలాలి. ఆ పరీక్షలో నాలుగు మాడ్యూళ్ళు, అనగా విభాగాలు: వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. దేనికి దానిలో కనీస మార్కు రావాలి. మూడింట్లో ఎంత వచ్చినా నాలుగోది తప్పితే వీసా లేనట్టే.

నూకరాజుది కళింగపట్నం పక్క పల్లె. సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి ఒడ్డున చేపల పాట పాడేవాడు, అంటే పడవలు రాగానే గంపల ముందు నిలబడి వేలం పిలిచేవాడు. కొడుకు వెల్డింగు నేర్చి ఒమాన్ వెళ్ళి, ఓడలు బాగుచేసే యార్డులో చాలా ఏళ్ళు పనిచేశాడు. గల్ఫుకు అతని సంపాదనతో భార్యాబిడ్డలను తీసుకుపోయే వీలు లేదు. కూతురు పుట్టినప్పుడు ఒకసారి, బడిలో చేరినప్పుడు ఒకసారి చూశాడు. అటువంటి సమయంలో ఆస్ట్రేలియాలో ఒక షిప్‌యార్డు అతని పనితనం చూసి స్పాన్సర్ చేస్తామన్నది. కుటుంబంతో సహా రావచ్చన్నది. ఇంగ్లీషు ఫలితం చూపడానికి డిసెంబరు నెలాఖరు వరకు ఖాళీ ఉంచుతామని రాసింది. అతడు ఒమాన్ పని వదిలి వచ్చేశాడు.

మొదటిరోజు భార్య దానమ్మతో కలిసి వచ్చాడు. మెట్ల మీదుండగానే అతని గొంతు గదిలోకి వచ్చింది.

"నమస్కారం మేస్టారూ. నాకు ఇంగిలీసు వచ్చండి. పరీక్సే రాదు."

"కొంచెం మెల్లగా బాబూ," అన్నాను.

దానమ్మ కూర్చుంటూ అన్నది, "ఆయన మెల్లిగా మాటాడ్డం అంతేనండి ఇది. ఒమాన్ నుంచి పోన్ సేస్తే మా ఈదిలో నలుగురికీ పోన్ సేసినట్టే. నాకు ఏరే సెప్పక్కర్నేదు."

"ఊరుకోయే. మెల్లిగా మాటాడితే మనోళ్ళు ఏటంతారో మేస్టారికి తెల్దు," అని అతడు నా వైపు తిరిగాడు. "పాట కాడ ఎవుడైనా గుసగుసలాడితే ఆడి మీద అనుమానవండి. లోపల ఏటో బేరం ఉన్నాదంతారు. మా అయ్య సెప్పీవోడు, పదిమందికి ఇనపడినదే మాట అని."

అతని ఇంగ్లీషు యార్డులో ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ దగ్గర నేర్చినది. వ్యాకరణం అక్కడక్కడా కుంటుతుంది కాని తడబాటు లేదు. వీసా అడిగే మార్కు అతనికి కష్టం కాదని నా అంచనా. మా గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే. మైకు లేదు.

పరీక్ష హాలు వేరు. వరుసగా కంప్యూటర్లు, తలకు తగిలించుకునే హెడ్‌సెట్లు, పెదవులకు ఆనుకుని ఉండే మైకు. ఎదుట మనిషి ఉండడు. అందరూ ఒకేసారి యంత్రంతో మాట్లాడతారు, యంత్రమే మార్కు వేస్తుంది. పక్కవాడు మాట్లాడుతుంటే ఆ గొంతును మించి మాట్లాడడం యార్డులో గ్రైండింగు చప్పుడు మధ్య పనిచేసినవాడికి అలవాటు.

జూన్ ఫలితంలో తక్కిన మూడు విభాగాలూ గట్టెక్కాయి. మాట్లాడే విభాగంలో అట్టడుగు మార్కు. అతడు కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. తరవాత తనకు తానే ఒక కారణం చెప్పుకున్నాడు.

"మిసనుకి నా మాట ఇనపడనేదు మేస్టారూ. పక్కన అంతమంది మాటాడతంటే దానికేటి తెలుస్తాది. ఈపాలి ఇనపడీటట్టు సెప్తాను."

చెప్పాడు. ఆగస్టులో అతడు బొమ్మను వర్ణించే ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, అటూ ఇటూ కూర్చున్నవారు హెడ్‌సెట్లు తీసి చేతులెత్తారు. పర్యవేక్షకుడు వచ్చి అతని భుజం తట్టి బయటికి నడిపించాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి నేను విశాఖ వెళ్ళి, మర్నాడు ఉదయం ఆ పర్యవేక్షకుణ్ణి కలిశాను. మర్యాదస్థుడే.

"ముగ్గురు కంప్లెయింట్ చేశారు సార్. నేనేం చెయ్యను?"

"మెల్లగా మాట్లాడమని అతనికి ఒక్కసారైనా చెప్పారా?"

"పరీక్ష మధ్యలో మేం అభ్యర్థితో మాట్లాడకూడదు సార్. రూలు."

"మాట్లాడకూడదు గాని బయటికి పంపవచ్చునా?"

"అది ఇంకో రూలు సార్," అని అతడు తల దించుకున్నాడు.

నేను సంస్థకు రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం రాశాను. అడిగింది ఒక్కటే: జూన్ నెల రికార్డింగును ఒక మనిషి చెవితో విని, అందులో మాటలున్నాయో లేవో చెప్పండి. "మా యంత్రం వేసిన మార్కు తుదిది, మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. ఆసక్తి అన్నమాట. ఒక కుటుంబం ఏ దేశంలో బతకాలో తేలే విషయం వారికి నా ఆసక్తిగా కనపడింది.

వారు వినకపోతే నేనే వినాలనుకున్నాను. తెలిసిన దుకాణంలో అటువంటి హెడ్‌సెట్ ఒకటి తెచ్చి కంప్యూటర్‌కు తగిలించి, నూకరాజు చేత ఒక పేరా చదివించాను. వెనక్కి తిప్పి వింటే పాత గుడ్డ చించినట్టు బరబరమని శబ్దం. ఒక్క మాట తెలియలేదు. దీనిని క్లిప్పింగ్ అంటారు: మైకు మోయగలిగినదానికి మించిన గొంతు వస్తే శబ్దం అంచులు తెగిపోయి, మాట రొదగా మారుతుంది. రొదకు యంత్రం మార్కు వేయదు.

నూకరాజు ఆ శబ్దం రెండోసారి వేయమని అడిగి విన్నాడు. "ఇది నానా?" అన్నాడు.

"నువ్వే. నీకు ఇంగ్లీషు రాక కాదు. నీ గొంతు దానిలో పట్టలేదు."

ఇక మెల్లగా మాట్లాడించాలి. అది ఇంగ్లీషు నేర్పడం కంటే కష్టమైంది. గొంతు తగ్గించమంటే మాట మింగేసేవాడు. మాట స్పష్టంగా రావాలంటే గొంతు లేచిపోయేది. సెప్టెంబరు గడిచిపోతున్నది. షిప్‌యార్డు నుంచి "ఫలితం ఎప్పుడు?" అని ఉత్తరం వచ్చింది. దానమ్మ గది బయట మెట్ల మీద కూర్చునేది, లోపలికి వచ్చేది కాదు.

ఒకరోజు విసుగుపుట్టి అడిగాను, "పుట్టిన దగ్గర్నుంచి నువ్వు మెల్లగా మాట్లాడిన సందర్భం ఒక్కటీ లేదా?"

అతడు ఆలోచించాడు. "ఉన్నాదండి. కవళ్ళ గుంపు మీద వల ఏసీటప్పుడు. సిన్నప్పుడు అయ్యతో ఎల్లినాను. అప్పుడు తండేలు కూడా సైగే సేస్తాడు. సెప్పాలంతే నోటి కాడే సెప్తాడు. గట్టిగా అంతే గుంపు సెదిరిపోతాది." కవళ్ళు గుంపులుగా తిరిగే చిన్న చేపలు; తండేలు అంటే పడవను నడిపించే పెద్ద.

"అయితే ఇప్పుడు గుంపు నీ ముందుంది. ఈ పేరా చదువు."

మెట్ల మీంచి దానమ్మ గొంతు వినిపించింది. "సూడు మావా, గుంపు పోతే నన్నూ మన గుంటనీ కూడా వలలో ఏసుకుని పోవాల. మెల్లిగా సదువు."

అతడు నవ్వాపుకుని, కళ్ళు దించి, పెదవుల దగ్గరే చదివాడు. రికార్డింగులో ప్రతి మాటా విడివిడిగా ఉంది. మర్నాటినుంచి అదే సాధన. మళ్ళీ గొంతు లేచినప్పుడల్లా నేను వేలు పైకెత్తేవాణ్ణి, దించేవాడు.

అక్టోబరు చివర పరీక్ష రాశాడు. ఎవరూ చేతులెత్తలేదు. ఫలితం వారంలో రావాలి. వారం దాటింది. వెబ్‌సైటులో అతని పేరు ఎదుట "హోల్డ్" అనే మాట కనబడింది, అంటే ఫలితం ఉంది కాని ఇవ్వడం లేదని. కారణం కనుక్కోగా కనుక్కోగా ఫోనులో ఒకామె చెప్పింది: అట్టడుగు నుంచి ఒక్కసారిగా ఇంత మార్కు పెరిగితే వేరే మనిషి వచ్చి రాశాడేమోనని పరిశీలిస్తారట.

"అంటే నాను కానని అంతన్నారా?" అన్నాడు నూకరాజు. ఆ రోజు అతడు గట్టిగా మాట్లాడలేదు.

పాస్‌పోర్టు, హాలులో తీసిన ఫొటో, వేలిముద్ర అన్నీ వారి దగ్గరే ఉన్నాయి. మూడు పరీక్షల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆ మాటే రాశాను. మళ్ళీ రాశాను. డిసెంబరు నెల అంతా అతడు ఉదయం ఊళ్ళోంచి బస్సులో వచ్చి, నా కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీ తెరిచి, అదే మాట చూసి వెళ్ళేవాడు. వద్దు, మారితే నేనే ఫోను చేస్తానని చెప్పినా వచ్చేవాడు. షిప్‌యార్డును గడువు పెంచమని కోరాము. పరిశీలనలో ఉన్న ఫలితం ఆధారంగా పెంచలేమని రాశారు. వారినేమీ అనను, వారు జవాబైనా ఇచ్చారు. నెలాఖరుకు ఆ ఖాళీ మరొకరికి వెళ్ళింది.

జనవరిలో "హోల్డ్" అనే మాట మాయమై మార్కులు కనబడ్డాయి. మాట్లాడే విభాగంలో వీసా అడిగినదానికంటే ఎక్కువే ఉంది. క్షమాపణ లేదు, వివరణ లేదు.

ఈ కేసు నాకు నేర్పిన సంగతులు నా విద్యార్థులకు ఇప్పుడు మొదటిరోజే చెబుతున్నాను. హెడ్‌సెట్ తగిలించి ప్రతివాడి గొంతూ వాడికి వినిపిస్తున్నాను. భావనపాడు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాడి గొంతు వేరు, నెల్లిమర్ల జనపనార మిల్లు పక్క పెరిగినవాడి గొంతు వేరు. ఇంగ్లీషు రాకపోవడానికీ యంత్రానికి వినబడకపోవడానికీ తేడా ఉందనీ, ఆ తేడా పరీక్ష పెట్టినవారు చెప్పరనీ తెలిసివచ్చింది. అనుమానించడమంటూ జరిగితే పెరిగిన మార్కునే అనుమానిస్తారు. అట్టడుగు మార్కును ఎవరూ అనుమానించలేదు.

విషయం ముగిసిందని పాఠకులు అనుకోకూడదు. ఇది 2017 అక్టోబరు. ఆస్ట్రేలియాలోనే మరో వర్క్‌షాపు నూకరాజును తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. ఇంటర్వ్యూలో అతడే తన ఫలితం ఆగిన సంగతి చెప్పాడు. ఎందుకు చెప్పావని అడిగాను.

"దాసిపెడితే రేపు తెలస్తాది కదా మేస్టారూ. అప్పుడు నిజంగానే దొంగనైపోనూ?"

వారు సరేనన్నారు కాని, ఆ ఫలితం ఎందుకు ఆగిందో పరీక్ష సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తెమ్మన్నారు. నవంబరు నెలాఖరు వరకు చూస్తామన్నారు. అతడు ప్రస్తుతం విశాఖలో దినకూలికి వెల్డింగు చేస్తున్నాడు. దానమ్మ కూతురి బడి మార్చాలా వద్దా అని నన్ను అడుగుతున్నది.

కనుక సదరు సంస్థ బాధ్యులను ఈ పత్రిక ముఖంగా కోరుతున్నాను. ఒకటి, నూకరాజు జూన్ రికార్డింగును మనిషి విన్నారా లేదా? రెండు, 2016 అక్టోబరు పరీక్ష ఫలితాన్ని ఏ ఆధారంతో ఆపారు, పరిశీలనలో అతని వల్ల ఏ తప్పయినా తేలిందా? మూడు, తేలకపోతే ఆ మాట అతని పేరుతో, పాస్‌పోర్టు నంబరుతో, బాధ్యుని సంతకంతో కాగితం మీద రాసి ఇవ్వగలరా? ఫోనులో చెప్పే మాట మాకు పనికిరాదు. జవాబు నవంబరు నెలాఖరులోపు అతని ఇంటి చిరునామాకు రిజిస్టర్డు పోస్టులో చేరాలి. ఆ చిరునామా మీ దగ్గర మూడు దరఖాస్తులలో ఉంది.