ఒకటో నంబరు పిస్తోలు

తుపాకుల తయారీకి పేరుపడ్డ లియేజ్ ఊళ్ళో పాత సైనిక పిస్తోళ్ళ ముద్రలు చదవడంలో సెర్వేని మించినవాడు లేడు. గొట్టం చేతికిస్తే చాలు, ఏ కాలంలో తయారైంది, ఏ దళంలో తిరిగింది, ఎంత పలుకుతుంది, భూతద్దం దించకుండానే చెప్పేస్తాడు. కన్నతల్లి బతిమాలినా ముద్ర విషయంలో అబద్ధమాడడు. అలాంటి మనిషి పదకొండేళ్ళుగా ఒకే ఒక్క అబద్ధాన్ని పెంచి పోషిస్తున్నాడంటే నమ్ముతారా?

అతని స్నేహితుడు తూసాన్ దగ్గర అశ్వదళ అధికారి పిస్తోలు ఒకటుంది. గొట్టం మీద 2 అని అంకె కొట్టి ఉంటుంది. అంటే జతలో రెండోది. ఒకటోదాని కోసం తూసాన్ ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం నది ఒడ్డు సంత గాలిస్తాడు. ఆపైన పాలన్నం నింపిన టార్టు కొనుక్కుని సెర్వే ఇంటికొచ్చి, "దొరికిందా?" అంటాడు. "లేదు" అంటాడు సెర్వే. ఇక సాయంత్రం దాకా కబుర్లే.

అసలు సంగతేమిటంటే, ఆ ఒకటోది సెర్వే బీరువాలోనే ఉంది! పదకొండేళ్ళ కిందట, భార్య చనిపోయిన ఏడాదే ఓ పాత సామాన్ల పెట్టెలో దొరికింది. వెతుకులాట అయిపోతే ఇక తన గుమ్మం ఎక్కేదెవరు? ఆ భయంతో దాచేశాడు. ఈ వారం చెప్పేద్దామనుకోవడం, టార్టు చూడగానే నోరు కుట్టేసుకోవడం.

ఆ ఆదివారం తూసాన్ రొప్పుతూ వచ్చాడు. చేతిలో టార్టు లేదు, పిస్తోలుంది.

"ఒరేయ్, దొరికిందిరా! దీనికి బదులు మా నాన్న వాయించిన అకార్డియన్ ఇస్తానన్నా. నీకు చూపించుకు రమ్మన్నాడు అమ్మేవాడు, ఒంటిగంట దాకా ఉంటాడు, చప్పున చూడు!"

సెర్వే భూతద్దం పెట్టాడు. గొట్టమంతా పాత తుప్పు గుంటలు. 1 అంకె మాత్రం ఆ గుంటల్ని కోసుకుంటూ పడింది, దాని లోపల తుప్పన్నదే లేదు.

"తుప్పు ముందు పట్టింది, అంకె తర్వాత పడింది. నిన్న మొన్న కొట్టిన దొంగ అంకెరా ఇది. తిరిగిచ్చెయ్."

"నీకు కుళ్ళురా! ఎవడో తుప్పు గీకాడేమో! అసలు ఒకటోది వేరే ఉందని నీకేం తెలుసు?"

తూసాన్ విసురుగా తలుపు దాకా వెళ్ళాడు. బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న తండ్రి మిగిల్చింది ఆ అకార్డియన్ ఒక్కటే. అది సెర్వేకి తెలుసు.

"ఆగరా!" అన్నాడు. బీరువా తెరిచి, స్వెటర్ల కింద నుంచి తీసి బల్ల మీద పెట్టాడు.

తూసాన్ అరిగిన అంకెను వేలితో తడిమాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళు. దొరికితే నువ్వు రావడం మానేస్తావని..."

"ఐదొందల టార్టులు మింగావు కదరా, దొంగ సచ్చినోడా!" దొంగ పిస్తోలును తిరిగిచ్చేయడానికి తీసుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. అసలుది బల్ల మీదే ఉండిపోయింది.

వారమంతా సెర్వే దాన్ని బల్ల మీంచి కదపలేదు. ఆదివారం పదకొండైనా ఎవరూ రాలేదు. ఒకటో నంబరును గుడ్డలో చుట్టి, స్నేహితుడి ఇంటికే పట్టుకెళ్ళి ఇచ్చేద్దామని కోటు తొడుక్కుంటుండగా తలుపు తెరుచుకుంది.

తూసాన్! ఒక చేతిలో టార్టు, మరో చేతిలో తన రెండో నంబరు. సెర్వే చేతిలో మూట లాక్కుని, రెండిటినీ పక్కపక్కన బీరువాలో పెట్టాడు.

"ఇక్కడే ఉండనీ. చూసుకోవాలంటే నేనే వస్తాలే. కత్తి పట్రా."

కుర్చీలో కూలబడి, అలవాటు చొప్పున అడిగాడు: "దొరికిందా?"

"దొరికిందిరా," అన్నాడు సెర్వే, కళ్ళు తుడుచుకుంటూ.